స్టార్ చార్టు సెట్: స్టాంపు బాగుంది, చార్టు గోడకెక్కించకండి

కోఠి, బేగంబజార్ స్టేషనరీ దుకాణాల్లో ప్రైమరీ టీచర్ల కోసం అమ్ముతున్న సెట్ ఇది. ప్యాకెట్లో పిల్లల పేర్ల ఎదురుగా స్టార్లు అంటించే 22×28 అంగుళాల ల్యామినేట్ చార్టు ఒకటి, తళుకు స్టార్ల షీట్లు పది (షీటుకు 70 చొప్పున), ‘వెరీ గుడ్’ సెల్ఫ్ ఇంకు స్టాంపు ఒకటి ఉంటాయి.

ముందు చార్టు సంగతి. నిలువు 71 సెంటీమీటర్లు. పైన శీర్షిక పోను 40 మందికి గడులు కొడితే ఒక్కో వరసకు ఒకటిన్నర సెంటీమీటరు మించి రాదు. స్టారు కొస పక్క పిల్లాడి గడిలోకి పోతుంది. పేరు గడిలో ‘శ్రీవర్షిణి’ పట్టదు, రోల్ నంబరు వేసుకోవాల్సిందే. వెనక ఇచ్చిన డబుల్ సైడ్ టేపు డిస్టెంపర్ గోడ మీద నిలవదు, ఊడేటప్పుడు గోడ రంగు కూడా పెచ్చుగా లేచొస్తుంది. పై మూలలకు రంధ్రాలు పొడిచి మేకుకు వేలాడదీయడం మేలు. వానాకాలంలో చెమ్మకు స్టార్లు కొసల నుంచి లేస్తాయి. గడిని పొడిగుడ్డతో తుడిచి, స్టారును మధ్య నుంచి కొసలకు బొటనవేలితో నొక్కితే ఆగుతాయి.

ఇవన్నీ సర్దుకోగలిగినవే. సర్దుకోలేనిది ఒకటుంది. మూడో వారం అయ్యేసరికి కొన్ని వరసలు ధగధగా మెరుస్తుంటాయి, రెండు మూడు వరసల్లో మాత్రం మొదటి రోజు అంటించిన ఒక్క స్టారే ఉంటుంది. ఆ వరసలెవరివో క్లాసంతటికీ తెలుసు. చాలాసార్లు అవి ఇంట్లో ఉర్దూయో ఒడియానో మాట్లాడుకుంటూ, టీచర్ మాట అర్థం చేసుకోవడానికే తంటాలు పడుతున్న పిల్లలవి. పేరెంట్స్ మీటింగ్ రోజు తల్లుల కళ్లు ముందు పడేది అక్కడే. ఆ ఫొటో వాట్సాప్ గ్రూపులోకి వెళ్లిందంటే ఇక చెప్పక్కర్లేదు. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఖాళీ వరసను వేధింపు అని ఎవరూ కేసు పెట్టరు. కానీ ఆరేళ్ల పిల్ల రోజూ ఆరు గంటలు దాన్ని చూస్తూ కూర్చుంటుంది.

టీచర్లు పిల్లలకు ఫోన్‌లోనే పాయింట్లు వేసే క్లాస్‌డోజో యాప్ (2011లో వచ్చింది) వాడినా ఇదే జాగ్రత్త అవసరం. పాయింట్లను క్లాసు స్క్రీన్ మీద వేయకండి. పాయింట్లు తగ్గించే ‘నీడ్స్ వర్క్’ అంశాలను సెట్టింగుల్లో తీసేయండి.

స్టార్లను మాత్రం వాడుకోవచ్చు, చార్టు మీద కాదు, పిల్లల నోట్‌బుక్ చివరి పేజీలో. 40 మందికి రోజుకొకటి ఇస్తే 700 స్టార్లు పదిహేడు రోజులకే అయిపోతాయి. కాబట్టి వారానికి ఒకే అలవాటు ఎంచుకోండి. ‘గుడ్ బాయ్’ అంటే పిల్లాడికి ఏమీ తెలియదు. ‘బుక్ తీయమనగానే తీశావు, అందుకే’ అని ఆ నిమిషంలోనే చెప్పి ఇవ్వండి. మొదటి వారం ధారాళంగా ఇచ్చి, రెండో వారం నుంచి తగ్గించండి. ఇచ్చింది వెనక్కి పీకొద్దు. పొద్దున సంపాదించుకున్నది మధ్యాహ్నం పోతుందని తెలిస్తే రేపు ఎవరూ కష్టపడరు. ఇష్టంగా చేసే పనికి అసలే వద్దు. మనస్తత్వ శాస్త్రవేత్తలు లెప్పర్, గ్రీన్, నిస్బెట్ 1973లో ప్రచురించిన ప్రయోగంలో, బొమ్మలు వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పిన చిన్నపిల్లలు తర్వాత తమంతట తాము బొమ్మలు వేయడం తగ్గించేశారు. చెప్పకుండా ఇచ్చిన పిల్లల్లో ఆ తగ్గుదల రాలేదు.

చార్టు బదులు గోలీల డబ్బా పెట్టుకోండి. గాజుది వద్దు, 250 మిల్లీలీటర్ల పారదర్శక ప్లాస్టిక్ డబ్బా చాలు. 16 మిల్లీమీటర్ల గోలీలు అందులో 60 నుంచి 70 పడతాయి. క్లాసంతా కలిసి చేసిన పనికి ఒక్కోటి వేయాలి: చప్పుడు లేకుండా లైన్ కట్టారు, ఒక గోలీ. రోజుకు ఐదారు పడితే రెండు వారాల్లో నిండుతుంది. మొదటిసారి అంతకంటే ఆలస్యమైతే పిల్లలకు ఆశ పోతుంది, అందుకే పెద్ద డబ్బా వద్దంటున్నాం. నిండిన రోజు చాక్లెట్లు పంచకండి, పుట్టినరోజులకు వచ్చేవే బోలెడు. పావుగంట ఎక్కువ గ్రౌండ్‌కు తీసుకెళ్లండి, లేదా ఆ రోజు ఎవరి పక్కన కావాలంటే వాళ్ల పక్కన కూర్చోనివ్వండి. ఒక్కడు అల్లరి చేశాడని గోలీ తీస్తే ఇంటర్వెల్‌లో మిగతావాళ్లు వాడి మీద పడతారు. తీయకండి. డబ్బా టీచర్ బల్ల మీదే ఉండాలి, ఎల్‌కేజీ పిల్లలు గోలీ నోట్లో పెట్టుకుంటారు.

స్టాంపు ముద్ర శుభ్రంగా పడుతోంది. పల్చటి కాగితానికి వెనక దిగుతుంది కాబట్టి మార్జిన్‌లోనే వేయండి. ఇంకు అయిపోతే నీళ్ల ఇంకు నాలుగైదు చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి, ఆయిల్ ఇంకు పోస్తే ప్యాడ్ పాడవుతుంది. ఇదే స్టాంపు విడిగానూ దొరుకుతోంది. జూన్‌లో బడులు తెరిచే వారం కోఠిలో నిలబడే చోటుండదు కాబట్టి మే నెలలోనే వెళ్లి స్టాంపు ఒకటి, స్టార్ల షీట్లు విడిగా అడిగి తీసుకోండి.