ఫౌంటెన్ గ్రాసా, సీమచింతా? రెండూ పెంచాక నా మాట

ఫౌంటెన్ గ్రాస్ అంటే అందానికి పెంచే కుచ్చుల గడ్డి. అది ఎంత ఎత్తు పెరుగుతుందో, ఎంత ఎడంగా నాటాలో ఏ నర్సరీలో అడిగినా చెబుతారు. సీమచింత గురించి అసలు ఎవరూ అడగరు, మా అనంతపురంలో అది తెలియని వాళ్ళు లేరు. అందుకని అవన్నీ వదిలేసి, ఈ రెండింటితో ఇన్నేళ్ళు కాపురం చేసినదానిగా ఒక్క విషయం మీదే రాస్తున్నాను. అది సీమచింత ముల్లు. అందరూ ఏ ముల్లు పేరు చెప్పి ఆ చెట్టు వద్దన్నారో, ఆ ముల్లు అంటేనే నాకిప్పుడు ఎక్కడలేని అభిమానం.

ఇల్లు కట్టుకున్న కొత్తలో రెండింట్లో ఏదో ఒకటే పెడదాం అనుకున్నాం. మా ఆయన చెట్టు అన్నారు. ఖర్చు లేదు కదా, తిన్న కాయలో నల్ల గింజను మట్టి కవర్లో గుచ్చితే మొలకొస్తుంది. మా అత్తమ్మ ససేమిరా అంది. "ముండ్ల చెట్టు వాకిట్లో ఉండకూడదు మ్మీ, ఇంటికి అచ్చిరాదు" అని ఒకటే పాట. నాకు వాస్తు పట్టింపు లేదు గానీ పిల్లలు చెప్పుల్లేకుండా తిరుగుతారు, కాళ్ళలో దిగుతాయని టెన్షన్. నేను గడ్డి అన్నాను. తెగక తెగక చివరికి గడ్డి ముందర గోడ వెంబడికి, చెట్టు పెరట్లో వెనక మూలకు పోయాయి. గడ్డి కవర్లు ఆటోలోంచి దించుతుంటే ఎదురింటి ఆవిడ గేటు దగ్గరికొచ్చి, "గడ్డికి కూడా దుడ్లు పెట్టినారా వదినా? రేపు ఎనుమును కూడా తెస్తారా ఏంది?" అంది. ఇప్పటికీ కలిస్తే ఆ ఎనుము సంగతి అడుగుతుంది.

ముందు గడ్డి గురించి మంచే చెబుతాను. మేం పెట్టింది ఎర్ర రకం. ఆకు ముదురు వంకాయ రంగులో ఉంటుంది, కంకి లేత గులాబీలో వచ్చి వంగి వేలాడుతుంది. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆ కుచ్చులు చూసి దారినపోయే వాళ్ళు ఆగి ఫోటోలు తీసుకున్నారు. పురుగు లేదు, మందు కొట్టే పని లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే మంచి సంవత్సరం అనుకునే జిల్లాలో, మే నెల ఎండకు కూడా చావలేదు.

చావలేదన్న మాట నిజమే. అయితే ఆ గోడ పక్కనే మా బాత్రూం నీళ్ళు పోయే కాలువ ఉంది. ఆ తడి అందని చివరి దుబ్బులు మార్చికే ఎండిపోయి జూన్ వాన పడేదాకా అలాగే ఉంటాయి. కాలువ లేని ఇంట్లో, ట్యాంకర్ నీళ్ళు కొనుక్కునే చోట ఇది ఎంత బాగుంటుందో నేను పూచీ పడలేను.

కొనేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. ఇందులో పచ్చ ఆకు రకం కూడా ఉంది, ధర తక్కువ. అది గింజ కట్టి గాలికి ఎగిరి ఎక్కడపడితే అక్కడ మొలుస్తుంది. హవాయిలో, అమెరికాలోని అరిజోనాలో అది పెద్ద బెడదై, ఎండినప్పుడు అంటుకుని మంటలు పాకడానికి దారి ఇస్తోంది. ఐరోపా సమాఖ్య 2017లో దాన్ని పెంచకూడని, అమ్మకూడని మొక్కల జాబితాలో చేర్చింది. సర్కారు తుమ్మ మన చెరువుల్లో, బంజర్లలో ఏం చేసిందో చూసిన వాళ్ళం, ఇంకొకటి తెచ్చి పెట్టుకోనక్కర్లేదు. ఎర్ర రకం దాదాపుగా గింజ కట్టదు. మా వీధిలో ఇన్నేళ్ళలో ఒక్క పిలక కూడా వేరేచోట మొలవలేదు.

గడ్డి మీద నా కోపమంతా కోత దగ్గరే. ఉగాదికి ముందు ఏటా దుబ్బులన్నీ జానెడు ఎత్తుకు కోసేయాలి. కోయకపోతే పాత ఆకు, కొత్త ఆకు కలిసి చింపిరి జుట్టు అవుతుంది. పైగా వీధి చివర చెత్త కాలుస్తుంటారు, ఒక్క నిప్పురవ్వ వచ్చి పడితే ఇక చూడనక్కర్లేదు. ముల్లు లేని మొక్క కదా అని మొదటి ఏడు చీర కొంగు దోపుకుని కొడవలి పట్టుకున్నాను. సాయంత్రానికి మోచేతుల దాకా సన్నటి గీతలు, చెమట తగిలితే మంట. అప్పట్నుంచి మా ఆయన పాత ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకునే కోస్తున్నాను. నాలుగైదేళ్ళకు దుబ్బు నడిమధ్యలో చచ్చి బోలు అవుతుంది. అప్పుడు గడ్డపారతో లేపి, బతికిన అంచు ముక్కలు చేసి మళ్ళీ నాటాలి. అది ఆడవాళ్ళ వల్ల అయ్యే పని కాదని మా ఆయన అంటారు. ఆయన వల్ల కూడా కాలేదు, కూలి మనిషిని పెట్టాం.

ఇక అసలు సంగతి. చెట్టు ఇంటి కప్పు అందుకున్న ఏడు, వానలు పడ్డాక సెప్టెంబరు ప్రాంతంలో, ముందర గడ్డిలో ఏదో కదులుతున్నట్టు అనిపించి కిటికీ దగ్గర నిలబడ్డాను. పిచ్చుక కంటే చిన్న పిట్ట. ఒళ్ళు లేత మట్టి రంగు, పొట్ట తెలుపు, తోక నల్లగా కోసుగా, ముక్కు మాత్రం బొద్దుగా సీసం రంగులో ఉంది. జీనువాయి అని తర్వాత తెలిసింది. ఆకు ఒకటి అడుగున ముక్కుతో నొక్కిపట్టి, తల అటూ ఇటూ తిప్పి, వెనక్కి వాలి లాగుతోంది. ఆకు తెగడం లేదు. వదిలేసి పక్క ఆకు పట్టుకుంది. అది తెగింది. దాని ఒంటికి రెండు మూడింతలు పొడవున్న ఆకు ముక్కున పెట్టుకుని ఎగిరితే, పిట్ట కనపడక ఎర్ర రిబ్బను ఒక్కటే ఇంటి మీదుగా పోతున్నట్టు ఉంది.

నేను వంటింట్లోంచి పెరటి వైపు పరుగెత్తాను. సీమచింతలో కింది కొమ్మ చీలే చోట, నా తల కంటే కాస్త ఎత్తులో, అప్పటికే కొబ్బరికాయంత గూడు ఉంది. గుండ్రంగా, పక్కన చిన్న రంధ్రం. బయటంతా మా గడ్డే. వంకాయ రంగు ఆకులు అడ్డదిడ్డంగా అల్లి, రంధ్రం చుట్టూ గులాబీ కుచ్చులు బయటికి పెట్టింది. ఆ పిట్టలు జంటగానే పని చేస్తాయి. ఒకటి తెస్తుంటే ఒకటి లోపల కూర్చుని సర్దుతుంది. నేను దుడ్లు పోసి కొన్న గడ్డి, మా ఆయన ఊరికే మొలిపించిన చెట్టులోకి ఆకు ఆకుగా తరలిపోతుంటే పొయ్యి మీద పప్పు మాడిన సంగతి కూడా తెలియలేదు.

గూడు అంత కిందకు ఎందుకు కట్టిందా అనుకున్నాను. మా వీధిలో ఒక గండుపిల్లి ఉంది. వెనకింటి వాళ్ళ జామచెట్టులో పికిలి పిట్ట గూడు ఏటా దాని పాలే. రెండు రోజులు పోయాక అది మా చెట్టు కింద కూర్చుని పైకి చూస్తోంది. నాకు గుండెల్లో రాయి పడింది. చీపురు తెచ్చేలోపే మొదలు ఎక్కేసింది. ముసలి మొదలు మీద ముళ్ళు పెద్దగా ఉండవు, కాబట్టి హాయిగానే ఎక్కింది. కొమ్మల్లోకి అడుగు పెట్టాక కథ మారింది. సీమచింతలో ఆకు పుట్టే ప్రతి చోటా రెండు ముళ్ళు, ఒకదానికొకటి ఎడంగా, బాగు చేయని సన్నకొమ్మల్లో కాలు పెట్టడానికి చోటుండదు. పిల్లి ముందుకాలు పెట్టి తీసింది, నాకింది, ఇంకో కొమ్మ మీద పెట్టి తీసింది. వెనక్కి తిరగడానికి వీల్లేక తోక ముందుగా, అరుచుకుంటూ జారి, మధ్యలోంచి దూకేసింది. గూట్లో పిట్ట బయటికి కూడా రాలేదు. ఆ కాన్పు పిల్లలన్నీ ఎగిరిపోయేదాకా పిల్లి మళ్ళీ ఆ చెట్టెక్కగా నేను చూడలేదు.

మా అత్తమ్మ ఆ సీజను అంతా మధ్యాహ్నం కుర్చీ వేసుకుని ఆ చెట్టు కిందే కూర్చుంది. అచ్చిరాని చెట్టు మాట మళ్ళీ ఎత్తలేదు, అలాగని మంచిదని కూడా అనలేదు.

మరుసటి ఏడు మళ్ళీ గూడు కట్టాయి. ఈసారి జెముడు కాకి వచ్చి గూడు చీల్చి గుడ్లు తినేసింది. ముల్లు పిల్లిని ఆపినంత సులువుగా జెముడు కాకిని ఆపదు. మేకల్నీ ఆపదు. సీమచింత ఆకంటే మేకలకు ప్రాణం, ముళ్ళ మధ్యలోంచి పెదాలతో భలే ఏరుకు తింటాయి. కాబట్టి లేత మొక్కకు ఎలాగూ దడి కట్టాల్సిందే.

కొమ్మ పెళుసు. మే నెలాఖరున వచ్చిన గాలివానకు పెద్ద కొమ్మ ఒకటి విరిగి వెనకింటి వాళ్ళ బట్టల తీగ మీద పడింది. బట్టలు ఉతికి ఆరేసిన రోజే పడాలా! ముళ్ళకు చిక్కిన దుప్పటి ఒక్కొక్క పోగూ విడదీసి తీసేసరికి పొద్దు గూకింది, కొత్తది కొనివ్వాల్సి వచ్చింది కూడా. కొట్టడానికి వచ్చిన మనిషి చెట్టు చూసి, "ముండ్లదాన్నయితే ఇంకో రెండు వందలు అవుతాది అక్కా" అన్నాడు. దాని పాలు కంట్లో పడితే మంట అని తువ్వాలు కట్టుకున్నాడు. అప్పట్నుంచి ఏటా కాపు అయిపోగానే పైకొమ్మలు తగ్గిస్తున్నాం. కొట్టిన కంప మాత్రం వృథా పోదు, కొత్త మొక్కల పాదుల చుట్టూ వేస్తే కుక్కలు పడుకోవు. రాలిన పుల్లలు ఊడవడం ఒక్కరోజు మానినా పలచటి రబ్బరు చెప్పుల్లోంచి దిగుతాయి. మా పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళయ్యారు, చెప్పులు వేసుకుంటారు. అప్పట్లా నేలబారు పిల్లలు ఉండుంటే నేను ఇంత మురిపెంగా రాసేదాన్నో కాదో.

నాకైతే రెండింట్లో ఒకటే ఉంచుకోమంటే చెట్టే. మాకు వెనక ఖాళీ ఉంది, చుట్టుపక్కల వాళ్ళు ఓర్పు గలవాళ్ళు, కాయల కాలంలో వాళ్ళకూ నాలుగు దోసిళ్ళు పంచుతాం. తాడిపత్రిలో మా తమ్ముడిది మూడు సెంట్ల ఇల్లు, మీదుగా కరెంటు తీగలు, ఇంట్లో పాకే పాప. వాడికి చెట్టు వద్దని చెప్పి, గడ్డి విడదీసినప్పుడు అంచు ముక్కలు గోతంలో కట్టి పంపాను. బాగానే అతుక్కున్నాయట. ఇప్పుడు పొలం గట్టున వేస్తాను, సీమచింత గింజలు కావాలంటున్నాడు. ఫిబ్రవరి దాటి కాయలు పగలనీ, చిలకలు మిగిల్చినవి ఇస్తానని చెప్పాను.