ప్రాసెసర్ వేగం, వోల్టేజీ తగ్గించుకుని నాలుగేళ్లు వాడాక

నా పాత ల్యాప్‌టాప్‌లో నాలుగేళ్లుగా లైనక్స్ నడుస్తోంది. ఛార్జింగ్ ఇంకో గంట ఎక్కువ రావాలని, ఒళ్లో పెట్టుకుంటే కాలకూడదని ఈ సెట్టింగుల జోలికి వెళ్లాను.

మొదట్లో వేగాన్ని కనిష్ఠంలో, 800 మెగాహెర్ట్జ్ దగ్గర కట్టేశాను. ఫ్యాన్ చప్పుడు ఆగింది కానీ పెద్ద పేజీ ఏది తెరిచినా ఎదురుచూపులే. పోనీ బ్యాటరీ అయినా మిగిలిందా అంటే అదీ అంతంతమాత్రమే. ప్రాసెసర్ పని తొందరగా ముగిస్తే సీ-స్టేట్స్ అనే నిద్రలోకి వెళ్తుంది. నెమ్మదిగా నడిపితే చాలాసేపు మేలుకొనే ఉంటుంది, ఆ సేపంతా స్క్రీన్, మెమరీ కరెంటు తాగుతూనే ఉంటాయి.

నాకు నిజంగా పనికొచ్చింది టర్బో ఆపేయడం. టర్బో లేదా బూస్ట్ అంటే అవసరమైనప్పుడు ప్రాసెసర్ మామూలు వేగం దాటి పరుగెత్తడం. పనిలో ఖర్చయ్యే విద్యుత్తు వేగాన్ని బట్టి పెరుగుతుంది, వోల్టేజీకి మాత్రం వర్గంలో పెరుగుతుంది. చివరి కొన్ని వందల మెగాహెర్ట్జ్ కోసం టర్బో వోల్టేజీని బాగా పైకి లాగుతుంది, అక్కడే బ్యాటరీ కరిగిపోతుంది. అదే వోల్టేజీ 10 శాతం తగ్గితే, వేగం మారకపోయినా ఆ ఖర్చు 19 శాతం తగ్గుతుంది. బ్యాటరీ మీద ఉన్నప్పుడు బూస్ట్ ఆగిపోయేలా టీఎల్‌పీ అనే బ్యాటరీ ఆదా ప్రోగ్రాంలో ఒక్క లైను మార్చాను, అంతే. ఇంట్లో ఉన్న విండోస్ మెషీన్‌లో గరిష్ఠ ప్రాసెసర్ స్థాయిని 99 శాతానికి దించితే అక్కడా టర్బో ఆగింది.

వేగం ఎప్పుడు ఎంత ఉండాలో నిర్ణయించే లైనక్స్ భాగాన్ని గవర్నర్ అంటారు, దాని విషయంలో ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. 2016లో లైనక్స్ 4.7 కెర్నెల్‌తో వచ్చిన షెడ్‌యుటిల్ అనే గవర్నర్ పనిభారం సంగతి నేరుగా, ఏ పని ఎప్పుడు నడవాలో చూసే షెడ్యూలర్ నుంచే తెలుసుకుంటుంది, నేను దాన్నే ఉంచేశాను. పవర్‌సేవ్ అనే ఇంకో గవర్నర్ పేరు చూసి మాత్రం తొందరపడకండి. ప్రాసెసర్ వేగాన్ని మార్చే పాత ఏసీపీఐ డ్రైవర్‌లో అది కనిష్ఠ వేగం దాటనివ్వదు. ఇంటెల్ పీ-స్టేట్ అనే డ్రైవర్ యాక్టివ్ మోడ్‌లో ఉంటే అదే పేరుతో పనిని బట్టి వేగం మారుతూ ఉంటుంది. ముందు మీ డ్రైవర్ ఏదో చూసుకోండి.

ఇక అండర్‌వోల్టింగ్, అంటే వేగం అలాగే ఉంచి ప్రాసెసర్‌కు అందే వోల్టేజీని తగ్గించడం. పదేసి మిల్లీవోల్టులు తగ్గిస్తూ 110 దాకా వెళ్లాను. ప్రాసెసర్‌కు పూర్తి భారం పెట్టే స్ట్రెస్ టెస్ట్ గంటసేపు నడిపితే ఏమీ కాలేదు. రెండు రోజుల తర్వాత, ఏ పనీ లేకుండా ఖాళీగా ఉన్నప్పుడు స్క్రీన్ బిగుసుకుపోయింది. సేవ్ చేయని పని పోయింది, చాలా బాధేసింది. ఫుల్ లోడ్‌లో నిలిచిన వోల్టేజీ తక్కువ వేగంలోనూ నిలుస్తుందన్న నమ్మకం లేదు. 80 దగ్గర ఆగాక ఏ ఇబ్బందీ రాలేదు, వేడి కూడా తగ్గింది.

తర్వాత బయాస్‌కు, అంటే ల్యాప్‌టాప్‌ను మొదలుపెట్టే మూల సాఫ్ట్‌వేర్‌కు, వచ్చిన ఒక అప్‌డేట్‌తో ఆ దారి మూసుకుపోయింది. 2019లో బయటపడ్డ ప్లండర్‌వోల్ట్ దాడి దీనికి మూలం. సాఫ్ట్‌వేర్‌తో వోల్టేజీ తగ్గించి, ప్రాసెసర్‌లోని రక్షిత భాగం చేసే లెక్కల్లో తప్పులు పుట్టించవచ్చని అందులో తేలింది. కాబట్టి లాక్ వేయడం న్యాయమే అనిపించి, పాత బయాస్‌కు తిరిగి వెళ్లలేదు. టర్బో ఆపి ఉండటంతో బ్యాటరీ మీద తేడా పెద్దగా తెలియడం లేదు. ఛార్జర్ పెట్టి కోడ్ కంపైల్ చేసేటప్పుడు మాత్రం ఫ్యాన్ మునుపటికన్నా ముందే మొదలవుతోంది.