ప్రభు బల్లకు నర్సాపురం లేసు గుడ్డ: అతుకు లేని మూడు వలయాలు

మా పాలకొల్లు చర్చి సంఘంలో ప్రభు బల్ల మీద, అంటే ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం పెట్టే బల్ల మీద, పరిచే గుడ్డ చీకిపోయింది. పెంతెకొస్తు పండుగ తర్వాతి ఆదివారం త్రిత్వ ఆదివారం కదా, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడని తలుచుకునే రోజు. ఆ రోజుకి కొత్తది కావాలని స్త్రీల సమాజం వాళ్లు నాకు అప్పజెప్పారు. అయిదడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, తెల్ల నూలు దారం, మధ్యలో త్రిత్వానికి గుర్తుగా ఒకదానిలోంచి ఒకటి దూరిన మూడు వలయాలు. దీనికి రెండుసార్లు డబ్బు పెట్టాల్సి వచ్చింది.

మొదటిది ఒక లేసు కొట్లో 1,800 రూపాయలకు కొన్నాను. చూపుకి బాగానే ఉంది. ఒక్కసారి ఉతికి గంజి పెట్టేసరికి వలయాలు విడిపోయాయి. వెనక్కి తిప్పి చూస్తే మూడూ విడిగా అల్లి, సూదిదారంతో పక్కపక్కన కుట్టేశారు. లేసులో అతుకుపని అనేది ఎప్పటినుంచో ఉన్నదే. ఒకరు పువ్వులు అల్లుతారు, ఇంకొకరు వాటిని కలుపుతారు. పెద్ద పెద్ద బల్లగుడ్డలు అలాగే తయారవుతాయి, తప్పేమీ లేదు. కానీ మేం అడిగిన గుర్తుకి అది పనికిరాదు.

రెండోది మొగల్తూరు దగ్గర ఒక అక్క చేత అల్లించాను. అరవై దాటిన మనిషి. పొద్దున్న ఎండ వచ్చే గుమ్మంలో కూర్చుని అల్లుతుంది. బొమ్మ గీసి ఇస్తే చాలాసేపు చూసింది. "మూడు విడిగా ఉండి ఒకటే ఎలా అవుతాయండి టీచరుగారూ? మా బ్రహ్మ, విష్ణు, మహేశ్వరుల్లాగానా అండి?" అని అడిగింది.

త్రిత్వానికి పోలికగా నేను ఇరవై ఏళ్లు సండే స్కూల్లో నీళ్లు, మంచుగడ్డ, ఆవిరి అని చెప్పాను. అది సరికాదని మా పాస్టరుగారు దిద్దారు. ఎందుకంటే అదే నీళ్లు ఒకసారి మంచు, ఇంకోసారి ఆవిరి. యేసు బాప్తిస్మం పొందినప్పుడు యొర్దాను నదిలో జరిగింది అలా కాదు. కుమారుడు నీళ్లలోంచి ఒడ్డుకు వస్తున్నాడు, ఆత్మ పావురంలా దిగుతున్నాడు, తండ్రి ఈయనే నా ప్రియ కుమారుడని పలుకుతున్నాడు. ముగ్గురూ ఒకే వేళ ఉన్నారు. ఒకరు సృష్టి, ఒకరు రక్షణ అని పనులు పంచుకోవడమూ కాదక్కా, ఏ పనిలోనైనా ముగ్గురూ ఉంటారు అని చెప్పాను. ఇంకో మాట కూడా చెప్పాను. దేవుడు ప్రేమ అంటాం కదా, మరి లోకమే లేనప్పుడు ఎవరిని ప్రేమించాడు? యోహాను సువార్త 17వ అధ్యాయంలో యేసు ప్రార్థనలో జవాబు ఉంది. జగత్తుకు పునాది పడక ముందే తండ్రి తనను ప్రేమించాడని అంటాడు. త్రిత్వం అన్న మాట బైబిల్లో లేదు, ఈ ప్రేమ మాత్రం ఉంది. మనం పుట్టాక మొదలైంది కాదు అది. మావారు పోయిన కొత్తలో రాత్రి ప్రార్థన చివర కృప, ప్రేమ, సహవాసం అని దీవెన చెప్పుకుంటుంటే సహవాసం దగ్గర నా గొంతు పూడుకుపోయేది. ఇంట్లో ఒక్కదాన్నే. ఆ అధ్యాయం చదివాకే ఆ మాట పూర్తిగా పలకగలిగాను.

అక్క ఇంకేమీ అడగలేదు. మొదటి వలయం అల్లింది. రెండోదాని గొలుసుని దానిలోంచి దూర్చి అప్పుడు మూసింది. మూడోదాన్ని రెండింటిలోంచీ దూర్చి మూసింది. ఆ వలయాల అంచు నుంచే జాలీ అల్లుకుంటూ బయటికి వెళ్లింది. ఎక్కడా కుట్టు లేదు. ఒక వలయాన్ని పట్టి లాగితే మిగతా రెండూ కదులుతాయి. ఇదీ పోలికే, దీనికీ హద్దు ఉంది. ఒక్క వలయం మొత్తం గుడ్డ కాదు. తండ్రి పూర్తిగా దేవుడే, కుమారుడు పూర్తిగా దేవుడే, ఆత్మ పూర్తిగా దేవుడే.

లోపాలు కూడా చెప్పాలి. కుడి మూల అంచులో దారం రంగు కొంచెం పసుపు తిరిగింది, కట్ట మారినట్టుంది. చెప్పిన రోజుకి పన్నెండు రోజులు ఆలస్యం, శుక్రవారం సాయంత్రం చేతికొచ్చింది, ఆదివారం ఆరాధన. ఆ రెండు రోజులూ నాకు ఒకటే టెన్షన్.

ఉతికేటప్పుడు పిండకండి. చల్లనీళ్లలో నానబెట్టి, తువ్వాలులో చుట్టి నీరు తీసి, పలచని గంజి పెట్టి నీడలో పరిచి ఆరబెట్టాలి. మూడుసార్లు ఉతికాం, వలయాలు చెక్కుచెదరలేదు. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచిదే. కానీ కొనేటప్పుడు వెనక్కి తిప్పి చూడటం మానకండి.

అక్క అడిగింది 3,200. రెండు నెలలు, రోజుకి మూడు గంటలు. లెక్కేస్తే గంటకి 18 రూపాయలు కూడా పడలేదు. ఆ లెక్క కాగితం సమాజం మీటింగులో పెట్టాను. ప్రభు బల్ల గుడ్డకి బేరం ఆడకూడదని అందరూ ఒప్పుకుని 6,000 చేశారు. డబ్బు నేనే పట్టుకెళ్లి ఇచ్చాను. మూడు వందలు వెనక్కి ఇవ్వబోయింది, ఆ పసుపు దారానికట. తీసుకోలేదు.

త్రిత్వ ఆదివారం తెల్లగుడ్డ మీద పరిచాం. తర్వాతి వారం నుంచి బల్ల మీద అడుగున ఆకుపచ్చ గుడ్డ. దాని మీద వలయాలు ఇంకా స్పష్టంగా, వెనక బెంచీ దాకా కనిపిస్తున్నాయి. బైబిలు స్టాండు గుడ్డ కూడా ఆ అక్కకే చెప్పాం, క్రిస్మసుకి.