నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరి ధ్యానం క్లాసు: 5కి 3 స్టార్లు

పొద్దున 5:30 బ్యాచే మేలు, తర్వాత అన్నీ బండ్ల హారన్లే. శ్వాస బాగా నేర్పుతున్నరు: 4 సెకన్లు పీల్చి 6 సెకన్లు వదలడం, అంటే నిమిషానికి ఆరు. వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకు పోయే వేగస్ నాడి (నరం) గుండె వేగం తగ్గిస్తది, మనసు నెమ్మదించేది అందుకే. తైత్తిరీయోపనిషత్తు చెప్పే పంచకోశాల్లో, అంటే మనిషిలోని ఐదు పొరల్లో, అన్నమయానికీ (ఒళ్లు) మనోమయానికీ (మనసు) నడుమ ప్రాణమయమే (ఊపిరి) కదా, ఆ పాఠం చక్కగా కుదిరింది.

మెదడులోని పీనియల్ గ్రంథి ఆత్మ నివాసమని సైన్సు తేల్చిందని క్లాసులో చెప్పడం మాత్రం తప్పు. అది 17వ శతాబ్దపు ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ ఊహ. ఆ గ్రంథి తయారుచేసేది నిద్రకు తోడ్పడే మెలటోనిన్ హార్మోన్.

అసలు లోటు, బీపీ, హెర్నియా ఉన్నోళ్లను అడగకుండా కపాలభాతికి (ఊపిరిని గబగబా బయటికి కొట్టే ప్రాణాయామం) కూర్చోబెట్టడం. అతివేగంగా చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి తల తిరుగుతది, వెంటనే ఆపాలి. చాప మీరే తెచ్చుకోండి, కింద ఉత్త బండలే.