చీనాబ్ వంతెన చూడాలంటే రైలెక్కితే చాలదు

జమ్మూ దగ్గరి కట్రా నుంచి శ్రీనగర్‌కు వందే భారత్‌లో వెళ్తే చీనాబ్ నది మీది రైలు వంతెన చూసేసినట్టేనని మన హైదరాబాద్‌లో చాలామంది అనుకుంటున్నారు. దాటుతారు, అంతే. సొరంగంలోంచి బయటపడగానే బోగీ అంతా ఫోన్లు పట్టుకుని కిటికీలకు అతుక్కుపోతుంది. నది ఎక్కడుందో వెతుక్కునేలోపే వంతెన అయిపోతుంది. అసలు చూడాల్సిన ఆర్చి మన కాళ్ల కిందే ఉంది మరి!

అందుకే కట్రాలో ఒక పూట మిగుల్చుకుని, టాక్సీలో రియాసీ మీదుగా వంతెన ఉన్న కౌరి వైపు వెళ్లండి. అంతా ఘాట్ రోడ్డే, కడుపులో తిప్పేవాళ్లు మాత్ర వేసుకోవాలి. వెయిటింగ్ చార్జీ ముందే తేల్చుకోండి, మా డ్రైవర్ తిరిగొచ్చాక మాట మార్చాడు.

దూరంగా కొండ మలుపులో నిలబడితే అప్పుడు తెలుస్తుంది. నదికి 359 మీటర్ల పైన పట్టాలు. ఆరు చార్మినార్లు ఒకదానిమీదొకటి నిలబెట్టినా అందవు. అంత లోతులో నది మధ్య స్తంభాలు లేపడం కష్టం కాబట్టి 467 మీటర్ల ఉక్కు ఆర్చిని ఒకే అంగలో దాటించారు. దాని భారమంతా అటూ ఇటూ కొండలే మోయాలి. ఆ కొండ రాయేమో పగుళ్లమయం. తవ్వుతున్నప్పుడు బయటపడ్డదాన్ని బట్టి డిజైన్ మార్చుకుంటూ, రాతిలోకి ఉక్కు కడ్డీలు దించి, పగుళ్లలోకి సిమెంటు ఎక్కించి నిలబెట్టారు. ఆ పనిలో 17 ఏళ్లు సలహాలిచ్చింది మన ప్రకాశం జిల్లా ఆడపడుచు, బెంగళూరు ఐఐఎస్‌సీ ప్రొఫెసర్ మాధవీలత. తాను వేలమందిలో ఒకదాన్నేనని ఆవిడే అన్నారు, అది వేరే సంగతి. లోయకు అడ్డంగా కట్టిన కేబుల్ క్రేన్‌తో ముక్కలు మోసుకొచ్చి, రెండు వైపుల నుంచీ పేర్చి, 2021 ఏప్రిల్‌లో నడిమధ్య కలిపారు. రైళ్లు తిరగడం మాత్రం 2025 జూన్‌లోనే.

దారిలో రియాసీకి ముందే వచ్చే అంజి ఖడ్ తీగల వంతెననూ వదలొద్దు. దాని ఒంటి స్తంభం 193 మీటర్లు.

బసకు కట్రాలో స్టేషన్ వైపు హోటళ్లే నయం, బస్టాండ్ చుట్టుపక్కల రాత్రంతా హారన్లు. ఊరంతా శాకాహారమే. రాజ్మా చావల్ బాగుంది, సాంబారు జోలికి పోకండి. మన దగ్గర తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఒక్కటైనా ఉండాలి. ఢిల్లీ నుంచి వచ్చినవాళ్లు కట్రాలో దిగి, తనిఖీ అయ్యాక రైలు మారాలి, చేతిలో సమయం ఉంచుకోండి. మధ్యాహ్నం బండి వద్దు, చలికాలంలో శ్రీనగర్ చేరేసరికి చీకటి పడిపోతుంది.