పదమూడో కిలోమీటరు తర్వాత ఎలా ఉంటుంది? సిక్కోలు, విజయనగరం హాఫ్ మారథాన్ దారులు

హాఫ్ మారథాన్ దూరం 21.0975 కిలోమీటర్లు. అంత దూరంలో కాళ్ళు ఎలా ఉంటాయో ఒక్కొక్కరికి ఒక్కోలా ఉన్నా, మనసు తిరిగే మలుపులు మాత్రం చాలావరకు ముందే చెప్పొచ్చు. మొదటి మూడు కిలోమీటర్లలో లేనిపోని ధైర్యం. పది దాకా హాయి. పదమూడుకీ పదిహేడుకీ మధ్య విసుగు, దిగులు, కారణం లేని కోపం. చివరి కిలోమీటరున్నరలో గొంతు పూడుకుపోవడం. పరుగు కోసం శ్రీకాకుళమో విజయనగరమో వచ్చేవాళ్ళు దారి ఎంచుకునేటప్పుడు ఆ పదమూడు-పదిహేడు మధ్య రోడ్డు ఎలా ఉంటుందో చూసుకోవాలి. సూర్యోదయం ఫొటోలు ఆ తర్వాతి సంగతి.

విశాఖ ఆర్.కె. బీచ్ దగ్గర జరిగే నేవీ మారథాన్‌లో హాఫ్‌కి పేరిచ్చి, అంతకు మూడు వారాల ముందు పూర్తి దూరం ఒకసారి పరిగెత్తి చూసుకుందామనుకునేవాళ్ళకి ఈ రెండు జిల్లాలూ బాగా పనికొస్తాయి. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా మంచి కాలం. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు కాబట్టి రద్దు చేసుకోవడానికి వీలులేని గది ఆ రోజుల్లో తీసుకోవద్దు. చలికాలంలోనూ తీరంలో తేమ ఉంటుంది. చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు, అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. దాన్ని మనసు ‘ఇవాళ నా వల్ల కాదు’ అని చదువుకుంటుంది. పొడి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు ఇక్కడ కిలోమీటరుకి 20 నుంచి 30 సెకన్లు వదులుకుంటే సగం దిగులు అక్కడే పోతుంది.

ముందుగా కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసేచోటు, పాత రేవు, లైట్‌హౌస్ ఉన్న తీరం. లైట్‌హౌస్ దగ్గర మొదలుపెట్టి గార వైపు 10.55 కిలోమీటర్లు వెళ్ళి, అదే దారిలో తిరిగి రావడం మా లెక్కలో ఈ రెండు జిల్లాల్లోనూ మొదటిసారి పరిగెత్తేవాళ్ళకి అన్నిటికన్నా మంచి ఏర్పాటు. రోడ్డు చాలావరకు చదును. తెల్లవారుజామున గాలి నేల మీదనుంచి సముద్రం వైపు వీస్తుంది కాబట్టి వెళ్ళేటప్పుడు కాస్త ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెన్నుగాలి. ఎదురుగాలి మొదటి మూడు కిలోమీటర్ల ఉరుకుని దానంతటదే అదుపులో పెడుతుంది. వెన్నుగాలితో ఒక చిక్కు ఉంది. మన వేగమూ గాలి వేగమూ దగ్గరైతే ఒంటికి గాలి తగలదు, పదిహేనో కిలోమీటరులో ఒక్కసారిగా ఉక్కపోసినట్టవుతుంది. ‘ఒంట్లో బాగోలేదేమో’ అన్న భయం అక్కడే మొదలవుతుంది. తల మీద, మెడ మీద నీళ్ళు పోసుకుంటే రెండు నిమిషాల్లో తగ్గుతుంది. అందుకే తాగే సీసా కాక ఇంకో అర లీటరు వెంట ఉండాలి. మనిషి దొరికితే స్కూటీ మీద వెనకే రమ్మనండి. లేకపోతే ముందురోజు సాయంత్రం ఏడో కిలోమీటరు దగ్గర ఏదైనా కొట్టువాళ్ళకి చెప్పి ఒక సంచి ఉంచండి. వెళ్ళేటప్పుడు ఏడు, వచ్చేటప్పుడు పద్నాలుగు, సరిగ్గా కావాల్సినచోటే దొరుకుతుంది.

తిరిగొచ్చేటప్పుడు సముద్రం వైపు పరిగెత్తడం ఈ దారికున్న పెద్ద బలం. పదిహేడు దాటాక మనసుకి ఒక గమ్యం కావాలి. ఇక్కడ అది తీరం. చాలామంది లైట్‌హౌస్ కనబడగానే వేగం పెంచేసి, ఇంకా దూరముందని తెలిశాక నీరుగారిపోతారు. అది ఏ మలుపులో కనబడుతుందో, అక్కణ్ణుంచి ఎంత మిగిలిందో ముందురోజే బండి మీద వెళ్ళి కొలిచిపెట్టుకోండి. చివరి 800 మీటర్ల కన్నా ముందు పరుగు పెంచొద్దు.

బస విషయంలో కళింగపట్నం బలహీనం. ఫోన్ చేసి ఖాయం చేసుకోకుండా తీరంలో గది దొరుకుతుందని వెళ్ళొద్దు. శ్రీకాకుళం ఊళ్ళో ఉండి తెల్లవారుజామున ఆటోలో రావడం నయం. ఆటో ముందురోజు సాయంత్రమే మాట్లాడుకోవాలి, తిరుగు ప్రయాణంతో కలిపి. నాలుగింటికి రోడ్డు మీద బేరమాడే ఓపిక, మొదటి పరుగు బెంగ ఒకే కడుపులో ఇమడవు.

ఊళ్ళోనే ఉండి పరిగెత్తాలంటే అరసవల్లి గుడి నుంచి శ్రీకూర్మం దారి. రెండు గొప్ప గుళ్ళ మధ్య పరుగు, వినడానికి బాగుంటుంది. కానీ పరిగెత్తేవాళ్ళకి ఆదివారమే తీరిక, సూర్యదేవుడికీ ఆదివారమే జనం. తిరిగొచ్చేసరికి చివరి మూడు కిలోమీటర్లు, అంటే మనసు అన్నిటికన్నా మెత్తగా ఉన్నప్పుడు, బస్సులు, కార్లు, కొబ్బరికాయల కొట్లు. శనివారం పెట్టుకోండి. రథసప్తమి వారం అసలు వద్దు, లాడ్జిలో మంచం కూడా దొరకదు. శ్రీకూర్మం గుళ్ళో నక్షత్ర తాబేళ్ళను పరుగయ్యాక తీరిగ్గా వెళ్ళి చూడొచ్చు. వాటి వేగం చూస్తే ఎవరికైనా తమ టైమింగ్ మీద గౌరవం పెరుగుతుంది.

విజయనగరం దగ్గర రామతీర్థం దారి ఉంది. ఊరినుంచి సుమారు 12 కిలోమీటర్లు, నెల్లిమర్ల మీదుగా. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే: కోట దగ్గరో గంటస్తంభం దగ్గరో మొదలుపెట్టడం. అలా చేస్తే 10.55 దగ్గర వెనక్కి తిరగాల్సి వస్తుంది, రామతీర్థం ఇంకా ముందుంటుంది. చేరాల్సినచోటు చేరకుండా తిరగడం వల్ల వచ్చే వెలితి చిన్నదిగా అనిపిస్తుంది గానీ, పదమూడో కిలోమీటరులో అదే పెద్దదై కూర్చుంటుంది. కిలోమీటరున్నర ముందుకు వెళ్ళి మొదలుపెట్టండి, గుడి దగ్గరే మలుపు పడేట్టు యాప్‌లో కొలిచి. బోధికొండ, గురుభక్తులకొండ ఉన్నది అక్కడే, బౌద్ధ, జైన అవశేషాలున్న కొండలు. వాటిని మరుసటి రోజు చూద్దామనుకుంటే మానుకోండి. మెట్లు దిగడం తొడలకి నరకం.

ఒంటరి రోడ్డంటే భయపడేవాళ్ళకి విజయనగరం ఊళ్ళోనే చుట్లు ఉన్నాయి. కోట, గంటస్తంభం, పెద్దచెరువు కలిపి ఒక చుట్టు వేసుకోవచ్చు. నీళ్ళు, మనుషులు, దీపాలు అన్నీ దగ్గర. చిక్కల్లా ప్రతి చుట్టుకీ మీ లాడ్జి ముందునుంచే వెళ్ళాలి. పదిహేనో కిలోమీటరులో ఆ గుమ్మం చూడడం అంత ప్రమాదం ఇంకోటి లేదు, మానేయడానికి ఒక్క అడుగు చాలు. చుట్టు లాడ్జి వీధిలోకి రాకుండా గీసుకోండి. స్టేడియం ట్రాక్ మీద అయితే 400 మీటర్ల చుట్లు దాదాపు 52 ముప్పావు వెయ్యాలి. దాన్ని మేము ఎవరికీ సలహా ఇవ్వం. ఇక సిరిమాను ఉత్సవం, అంటే దసరా తర్వాతి మంగళవారం, ఆ చుట్టుపక్కల రోజుల్లో ఊళ్ళో పరుగు మాట మర్చిపోవచ్చు.

లాడ్జిల్లో అడగాల్సినవి నాలుగు. గది 24 గంటల లెక్కనా, మధ్యాహ్నం పన్నెండుకి ఖాళీ చెయ్యాలా? 24 గంటలదైతే సాయంత్రం దిగినవాళ్ళు పరుగయ్యాక తాపీగా పడుకోవచ్చు. తెల్లవారుజామున మూడున్నరకి షట్టర్ ఎవరు తీస్తారు? ఆ మనిషికి రాత్రే చెప్పాలి. వేడినీళ్ళు గదిలో గీజరుతోనా, ఉదయం ఒక గంట మాత్రమేనా? లిఫ్ట్ ఉందా? ఆర్టీసీ కాంప్లెక్స్ పక్క లాడ్జిలు రాకపోకలకి సుఖమే కానీ హారన్లు ఆగవు, వెనకవైపు గది అడగండి. మాఘమాసం ముహూర్తాల్లో కింద కల్యాణమండపం ఉన్నచోట దిగితే నిద్ర ఉండదు. పరుగు ముందురాత్రి నిద్ర ఎలాగూ సరిగా పట్టదు, దానికి కంగారుపడక్కర్లేదు. అంతకు ముందు రాత్రి నిద్ర ముఖ్యం.

తిండి దగ్గర ఊరి రుచుల్ని ఒక్కరోజు ఆపుకోవాలి. రాత్రి ఏడున్నరలోపు అన్నం, ముద్దపప్పు, పెరుగు. చేపల పులుసు, ఎండుచేపలు, బిర్యానీ వద్దు. నూనె, కారం కడుపులోనే ఉండిపోతాయి, పరిగెత్తేటప్పుడు పేగులకి రక్తం తగ్గుతుంది, ఎనిమిదో కిలోమీటరులో దాని సంగతి తెలుస్తుంది. చోడి (రాగి) అంబలి పరుగయ్యాక అమృతం, ముందు మాత్రం పీచు ఎక్కువ. టిఫిన్ బళ్ళు తెల్లవారుజామున ఉండవు కాబట్టి రెండు అరటిపళ్ళు, మూడు బ్రెడ్ ముక్కలు రాత్రే కొని పెట్టుకుని మొదలుపెట్టడానికి గంటన్నర ముందు తినండి.

పదమూడు తర్వాతి దిగులుకి మందు కూడా చాలావరకు తిండే. ఒంట్లో నిల్వ ఉన్న పిండిపదార్థం తగ్గి, రక్తంలో చక్కెర పడిపోతే మనసు ముందు చికాకుపడుతుంది, తర్వాత కుంగుతుంది. గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. మధ్యరకం అరటిపండులో సుమారు 25 గ్రాములు. నలభై నిమిషాలకొకటి, ఎనభై నిమిషాలకొకటి జెల్ (పరుగులో మింగే చక్కెర పాకం పొట్లం) గానీ పండు గానీ తీసుకోండి. దిగులు వచ్చాక తింటే అది పనిచేసేలోపు రెండు కిలోమీటర్లు ఏడుపుతో గడుస్తాయి. ఓఆర్ఎస్ ఒక్కటే సరిపోదు. 20.5 గ్రాముల పొట్లంలో గ్లూకోజ్ 13.5 గ్రాములే, అదీ లీటరు నీళ్ళకి. అర లీటరు సీసాలో పొట్లమంతా గుమ్మరిస్తే కడుపు తిప్పుతుంది. తియ్యటి టెట్రా ప్యాకులు వేరు, పొట్లం మీద డబ్ల్యూహెచ్‌వో సూత్రం అని ఉందో లేదో చూసి కొనండి. ఉత్త నీళ్ళు దాహానికి మించి తాగడమూ ప్రమాదమే. రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, అయోమయం వస్తాయి. మందుల కొట్టు పని ముందురోజే ముగించండి: ఓఆర్ఎస్, తొడలకీ చంకలకీ వాజ్‌లిన్, చనుమొనల మీద వెయ్యడానికి ప్లాస్టర్.

ఐదు నుంచి పది కిలోమీటర్ల మధ్య వచ్చే తేలికదనం గురించి కూడా ఒక మాట. ఎండార్ఫిన్ల వల్ల, అంటే ఒంట్లో పుట్టి నొప్పి తగ్గించే రసాయనాల వల్ల అని ఎన్నాళ్ళుగానో చెప్పుకున్నారు, కానీ రక్తంలోని ఎండార్ఫిన్లు మెదడులోకి తేలిగ్గా వెళ్ళవు. ఇప్పుడు చూపు ఒంట్లోనే పుట్టే, గంజాయిలోని పదార్థాల్లాంటి ఎండోకన్నబినాయిడ్ల మీద ఉంది. కారణం ఏదైనా, అది మధ్యస్థ వేగంలోనే వస్తుంది. పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత వేగం దాటితే రాదు. ఆ సమయంలో రోడ్డు పక్కన ఎవరో ఒకరు “ఏటి బాబూ, బస్సు తప్పిపోనాదేటి?” అని అడుగుతారు. నవ్వి జవాబు చెప్పగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు.

2 గంటల 15 నిమిషాల్లో ముగించాలంటే కిలోమీటరుకి 6 నిమిషాల 24 సెకన్లు. 4:45కి మొదలుపెడితే ఏడింటికి అయిపోతుంది, జనవరిలో ఎండ తగిలేది చివరి అరగంటే. మొదటి గంటన్నర చీకటి కాబట్టి తల లైటు, వెలుగు పడితే మెరిసే పట్టీ తప్పనిసరి. కుక్కలు మొరిగితే పరుగు ఆపి నడవండి. కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే టీకాకి వెళ్ళాలి.

ముగించాక కన్నీళ్ళు వస్తే రానివ్వండి, ఒంటరిగా పరిగెత్తినా వస్తాయి. ఆగిపోయి కూర్చోవద్దు. రక్తం కాళ్ళలో నిలిచి కళ్ళు తిరుగుతాయి, పది నిమిషాలు నడవాలి. అసలు కుంగుబాటు రెండో రోజో మూడో రోజో వస్తుంది. కండరాల నొప్పి గరిష్ఠంగా ఉండేదీ అప్పుడే. కాబట్టి తిరుగు రైలు ఆ రోజుల్లో ఉంటే లోయర్ బెర్త్ చేయించుకోండి. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఊళ్ళో కాదు, ఆమదాలవలసలో ఉంది, సుమారు 13 కిలోమీటర్లు. రైలు వేళకి గంట ముందు బయల్దేరండి, ఫుట్‌బ్రిడ్జి మెట్లు దిగడానికి మామూలు కన్నా చాలాసేపు పడుతుంది.