5 శాతం అన్నారు, అనంతపురంలో ఎంత వచ్చింది?

ఖర్చులో కొంత వెనక్కిచ్చే క్యాష్‌బ్యాక్ క్రెడిట్ కార్డు ప్రకటనలో 5 శాతం అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అనంతపురంలో కాపురం ఉండి, ఇంటి ఖర్చులకు వాడుకుంటే నా చేతికొచ్చేది ఒకటింబావు శాతం. నోటిలెక్క కాదు, స్టేట్‌మెంట్లు ముందేసుకుని కూడిన లెక్క. అయినా కార్డులు మానలేదు. అందులో ఒకటి మాత్రం మూసేశాను.

ముందు కార్డు రావడం గురించి చెప్పాలి, మాలాంటివాళ్లకు అదే పెద్ద పని. నాది పాతూరులో మోటారు రివైండింగ్ షాపు. ఎండాకాలంలో బోరు మోటార్లు కాలిపోతుంటే అన్నం తినే తీరిక ఉండదు, వానలు పడితే ఈగలు తోలుకోవడమే. జీతం స్లిప్పు లేదు, ఫారం 16 లేదు. మొదట ఒక ప్రైవేటు బ్యాంకు సైటులో దరఖాస్తు పెడితే, పిన్‌కోడ్ కొట్టగానే మీ ప్రాంతంలో ఈ సేవ లేదని తేల్చేసింది. ఆదాయం అడగలేదు, పాన్ నంబరు అడగలేదు. బెంగళూరు మనకు నాలుగు గంటల దారి. అక్కడ మాల్‌లో టేబుల్ వేసుకుని పిలిచి మరీ ఇచ్చే కార్డు అది.

రెండో బ్యాంకు కాదనడానికి కారణం వేరు. అప్పులు ఎలా కట్టామో చూపే సిబిల్ స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుందని అందరూ చెప్తారు. ఎప్పుడూ అప్పు తీసుకోనివాడికి అక్కడ -1 అని ఉంటుందని చాలామందికి తెలీదు. స్కోరు తక్కువని కాదు, అసలు లేదని దాని అర్థం. అప్పు లేకుండా బతకడం పరువు అనుకుని పెరిగాం, బ్యాంకుకేమో అదే అనుమానం.

మా పక్క షాపాయనది ఇంకో చిక్కు. ఆయన ఎక్కడా ఒక్క కంతు ఎగ్గొట్టిన మనిషి కాదు, అయినా దరఖాస్తు తిరిగొచ్చింది. సిబిల్ రిపోర్టు తీసి చూస్తే, ఎప్పుడో బంధువు ట్రాక్టరు లోనుకు పెట్టిన జామీను సంతకం ఆయన పేరు మీద నిలబడి ఉంది. ఆ బంధువు కంతులు ఆపేశాడు. గ్యారంటరుగా సంతకం పెడితే ఆ అప్పు మన రిపోర్టులోకీ ఎక్కుతుంది. పంట రుణాలు కూడా రిపోర్టులో ఉంటాయి. మన జిల్లాలో సంతకం అడిగితే కాదనడం కష్టం కాబట్టి, కార్డుకు పెట్టేముందు రిపోర్టు చూసుకోవడం మంచిది. మన అప్పుల రికార్డు ఉంచే సంస్థలు సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికి ఒక్కోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. డబ్బులు కట్టమని అడిగే యాప్‌ల జోలికి పోనక్కర్లేదు. తప్పు ఉంటే ఫిర్యాదు పెట్టండి, 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు రూలు. వరసబెట్టి నాలుగైదు బ్యాంకుల్లో దరఖాస్తులు మాత్రం పెట్టొద్దు. ప్రతి దరఖాస్తూ ఎంక్వయిరీగా నమోదవుతుంది, తర్వాతి బ్యాంకు దాన్ని చూస్తుంది.

నాకు దారి చూపింది ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు. 50 వేలు డిపాజిట్ చేస్తే 45 వేల లిమిట్ ఇచ్చారు. ఆదాయం కాగితాలు అడగలేదు. డిపాజిట్ మీద వడ్డీ మామూలుగానే వస్తుంది, కార్డు మూసేదాకా ఆ డబ్బు కదలదు, అంతే. నెలనెలా బిల్లు పూర్తిగా కడుతూ, లిమిట్‌లో మూడో వంతు దాటకుండా వాడుకుంటూ పోతే స్కోరు తయారైంది. దానికి తోడు ఐటీ రిటర్నులు చూపించాక మామూలు కార్డులు తలుపు తీశాయి. అప్పుడు కూడా వెరిఫికేషన్‌కు ఒక కుర్రాడు వచ్చాడు. "అన్నా, షాపు బోర్డు ఫొటో కావాల, నువ్వు బోర్డు కిందనే నిలబడు" అన్నాడు. ఆధార్‌లో పల్లె అడ్రసు, షాపు టౌన్‌లో, ఈ తేడా సర్దడానికి కరెంటు బిల్లు, అద్దె అగ్రిమెంటు రెండూ ఇవ్వాల్సి వచ్చింది. సొంత పని చేసుకునేవాళ్లు ఇవి ముందే దగ్గర పెట్టుకోండి.

ఇప్పుడు క్యాష్‌బ్యాక్ సంగతి. దానికోసం నేను వాడేవి రెండు. అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డుకు ఏడాది ఫీజు లేదు. అమెజాన్‌లో ప్రైమ్ సభ్యత్వం ఉన్నవాళ్లకు 5 శాతం, లేనివాళ్లకు 3, బయట 1. పెట్రోలు, బంగారం, ఈఎంఐల మీద ఏమీ రాదు. ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ కార్డు ఏ సైటులో కొన్నా 5 శాతం, బయట స్వైప్ చేస్తే 1 శాతం అనే పద్ధతిలో వచ్చింది. ఫీజు 999, జీఎస్టీతో 1179 అవుతుంది, ఏడాదిలో 2 లక్షలు వాడితే ఆ ఫీజు తిరిగొస్తుంది. 2023 మే నుంచి దీంట్లో కరెంటు బిల్లులు, ఇన్సూరెన్సు, స్కూలు ఫీజులు, నగల షాపులు క్యాష్‌బ్యాక్ నుంచి బయటికి పోయాయి.

ఆ పోయినవాటి లిస్టు చూడండి. మన ఊళ్లో మధ్యతరగతి ఇంటి ఖర్చులో పెద్ద భాగం అందులోనే ఉంది. మా ఇంట్లో నెలకు సుమారు 30 వేలు అనుకుంటే, పిల్లల ఫీజు, కరెంటు, పెట్రోలు, పాలసీలు కలిసి 16 వేలు దాకా పోతాయి, వాటి మీద సున్నా. ఆన్‌లైన్‌లో కొనేది ఓ 6 వేలు, దానికి 300. సూపర్‌మార్కెట్, మందుల షాపు, బట్టలు కలిపి 8 వేలు, దానికి 80. మొత్తం 380. ఇందాక చెప్పిన ఒకటింబావు ఇదే. పైగా క్యాష్‌బ్యాక్ వచ్చే ఖర్చుకే ఎస్‌బీఐ కార్డు వాడితే ఏడాదికి లక్షా 68 వేలే అవుతుంది కాబట్టి, ఫ్రిజ్జో, మంచమో కొన్న ఏడాది తప్ప ఫీజు తిరిగిరావడం కష్టం. హైదరాబాద్‌లో ఉండి అన్నీ ఫోన్‌లో తెప్పించుకునే మా తమ్ముడికి ఇదే కార్డు బంగారుబాతు.

ఇంకొకటి. మా పిల్లల స్కూల్లో కార్డు గీకితే 2 శాతం అదనం. నగల షాపులోనూ అదే మాట, "స్వైప్ అయితే రెండు శాతం ఎక్కువ పడుతుంది సార్, ఫోన్‌పే చేయండి" అంటారు. క్యాష్‌బ్యాకే రాని చోట 2 శాతం ఎదురు కట్టడం ఎందుకు?

అందుకే నా చేతిలో ఎక్కువగా ఆడేది ఆ పాత డిపాజిట్ కార్డే. అది వీసా, మాస్టర్‌కార్డు లాంటి మన దేశపు రూపే కార్డు. రూపే క్రెడిట్ కార్డులను యూపీఐకి కలుపుకునే వీలు 2022లో వచ్చింది. స్వైప్ మెషిన్ లేని చోట కూడా క్యూఆర్ కొడితే కార్డు నుంచి పోతుంది. సప్తగిరి సర్కిల్ దగ్గర పొద్దున ఉగ్గాని బజ్జి నుంచి ఇంటికి తీసుకుపోయే ఓళిగల దాకా అలాగే కడుతున్నాను. చిన్న షాపులకు 2 వేల లోపు లావాదేవీ మీద చార్జీ లేదు కాబట్టి వాళ్లూ మొహం చిట్లించరు. అన్ని చోట్లా పోదు మాత్రం. టీ బంకువాడో, కూరగాయలామెనో సొంత ఖాతా క్యూఆర్ అంటించుకుని ఉంటే కార్డు తీసుకోదు, వ్యాపారి పేరున తీసిన క్యూఆర్ కావాలి. యూపీఐ ఖర్చు మీద రివార్డులు చాలా కార్డులకు తక్కువ, కొన్నింటికి లేవు. నాకు దాంతో పని లేదు. బిల్లు తయారయ్యాక కట్టడానికి గడువు ఉంటుంది, కొన్న రోజు నుంచి చూస్తే 45 రోజుల దాకా డబ్బు మన దగ్గరే. రైతులు పంట అమ్మాకే నాకు కడతారు. ఇంటి ఖర్చు ఆ రోజులు ఆగితే నాకు అదే పెద్ద లాభం. షాపు సరుకు మాత్రం దీంతో కొనను. ఇది సొంత వాడకానికి ఇచ్చిన కార్డు, వ్యాపారానికి వాడితే బ్యాంకు క్యాష్‌బ్యాక్ ఆపేయొచ్చు, కార్డే ఆపేయొచ్చు.

బిల్లు పూర్తిగా కట్టలేని నెల ఉంటుందనుకునేవాళ్లు వీటి దగ్గరికి రావద్దు. బిల్లులో మినిమమ్ మాత్రం కట్టి ఊరుకుంటే నెలకు మూడున్నర శాతం, కొన్ని కార్డులకు ఇంకా ఎక్కువ వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ. మన లెక్కలో మూడున్నర రూపాయల వడ్డీ. ఊళ్లో ఆ రేటుకు అప్పిచ్చేవాణ్ని ఏమంటామో మీకు తెలుసు.

చివరగా జాయినింగ్ బోనస్. అమెరికాలో ఉన్న మా బావమరిది కార్డు తీసుకున్న కొత్తలో మూడు నెలల్లో ఇంత వాడితే వందల డాలర్లు వస్తాయని చెప్తుంటాడు. ఇక్కడ అలాంటి ఆశ పెట్టుకోకండి. ఒక బ్యాంకు కార్డు ఫీజు 2 వేలు, జీఎస్టీతో 2360. బోనస్ 2 వేల వోచరు, అదీ ఫీజు కట్టి, 60 రోజుల్లో 30 వేలు వాడాక. ఎలాగూ దసరా బట్టలు కొనాలి కదా, పోయేది 360 అనుకుని తీసుకున్నాను. వోచరు ఎప్పుడొస్తుందని అడిగితే కస్టమర్ కేర్‌లో ఒక్కొక్కరు ఒక్కో తేదీ చెప్పారు. రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాక కదిలింది. అలా పెట్టి 30 రోజులు దాటినా జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా రాయొచ్చు, నాకు అక్కడిదాకా పోయే అవసరం రాలేదు.

రెండో ఏడు ఫీజు పడకముందే ఆ కార్డు మూసేయమన్నాను. బాకీ లేకుండా అడిగితే 7 పనిదినాల్లో మూయాలి, ఆలస్యమైతే రోజుకు 500 చొప్పున మనకే ఇవ్వాలి. ఫోన్లో ఆ మాట చెప్పేసరికి "ఫీజు మాఫీ చేస్తాం, ఉంచుకోండి సార్" అని బతిమాలుడు మొదలైంది. మెయిల్‌లో రాసిమ్మన్నాను, రాసివ్వలేదు. మూసినట్టు మెసేజ్ వచ్చాక, తర్వాతి సిబిల్ రిపోర్టులో ఆ ఖాతా క్లోజ్డ్ అని పడిందో లేదో కూడా చూసుకున్నాను, పడింది.